వేడినీటి కొళాయిలో జోరు తగ్గినపుడు

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 1265 మీటర్ల ఎత్తున నున్న హార్స్లీ కొండను ఎరుగనివారు ఈ ప్రాంతమున లేరు. పూర్వము దీనిని ఏనుగు మల్లమ్మ కొండ యని పిలిచెడివారు. మదనపల్లె కడప జిల్లాలో చేరియుండిన దినములలో, అనగా 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు మునుపు, కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర 1870 ప్రాంతమున వేసవి నివాసమునకై ఇచ్చట ఒక బంగళా కట్టించుకొనెను. నాటినుండి కొండకు ఆయన పేరే నిలిచినది. దొర ఎండకు వెఱచి కొండ యెక్కెను. కొండమీదను, దాని చుట్టునున్న ఊళ్లలోను కాపురముండు ఇల్లాండ్రకు మాత్రము ఎండకంటె చలియే ఎక్కువ పని కల్పించుచుండును.

మార్గశిర పుష్య మాసములలో తెల్లవారుజామున కొళాయి త్రిప్పి చేయి పెట్టినవారికి ఆ పని యెట్టిదో తెలియును. మదనపల్లె పట్టణమే సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటి గాలి రోగులకు మేలు చేయునని యెంచియే 1915 ప్రాంతమున దాపుననున్న ఆరోగ్యవరమున క్షయరోగ చికిత్సాలయమును నెలకొల్పిరి. గాలి మేలైనదే, కాని బాలింతకును, పసిబిడ్డకును, కీళ్లనొప్పులతో బాధపడు వృద్ధులకును ఆ వేళ చన్నీళ్లు పోయుటకు ఎవరికిని చేయి రాదు. శీతదేశములవారు గదులను వేడిచేసికొందురు. మన ఇండ్లలో గదిని వేడిచేయు ఏర్పాటు లేదు, ఒంటిని వేడిచేయు ఏర్పాటే కలదు. అది వేడినీళ్ల స్నానము. కావున మన ఇంటికి వేడి నిచ్చు యంత్రమనగా నీళ్లు కాచు యంత్రమే.

దొడ్డిలో మూడు రాళ్ల పొయ్యిమీద కాగు పెట్టి చితుకులతో నీళ్లు కాచిన కాలమున 'జోరు' అను మాటతో మనకు పనిలేకుండెను. కాగులో చెంబు ముంచుకొంటిమి, పోసికొంటిమి. రాగి హండాలును, నడుమ బొగ్గుల గొట్టము గల రాగి బాయిలరులును వచ్చినపుడును అంతే. మిద్దెమీద తొట్టియు, గోడలో గొట్టమును, స్నానపుగదిలో గీజరును, మిద్దెపైన సూర్యకాంతితో నీరు కాచు సోలారు హీటరును వచ్చిన పిదప కాగిన నీరు మనయొద్దకు తానై నడచి రావలసిన దయ్యెను. నడచివచ్చు నీటికి త్రోవలో ఆటంకములు కలుగును. వేడినీరు సన్నని దారమువలె కారుచుండగా, ఇల్లాలు చలిలో వణకుచు బకెట్టు నిండుటకై కాచుకొని యుండుట ఇపుడు ఈ ప్రాంతమున వింత కాదు.

అట్టి సమయమున కొళాయి పనివాని పిలిపింతురు. అతడు తొట్టిని ఎత్తు చేయవలెననును. మరియొకడు పంపు పెట్టుమనును. యంత్రములమ్మువాడు పాతదానిని తీసివేసి క్రొత్తది కొనుడనును. ముగ్గురును అబద్ధమాడుచున్నారని మా అభిప్రాయము కాదు. వారు చెప్పిన మూడును ఒక్కొక్క ఇంట ఒక్కొక్కపుడు సరియైన మందులే. కాని రోగమేదో తెలియకమున్ను మందునకు వేలకొలది రూపాయలు వెచ్చించుట ఏమి వివేకము? రోగమును గుర్తించుటకు కావలసిన పనిముట్లు ఒక బకెట్టు, ఒక గడియారము, ఒక సుద్దముక్క మాత్రమే. ఇవి ప్రతి ఇంట నున్నవి. ఇంటిలోని యంత్రములన్నియు మగవారి వ్యవహారమని దూరముగ నుండుట మనకొక అలవాటైనది. ఆ నీటిని దినమునకు పదిమార్లు పట్టునది మనమేకదా! ఎపుడు తగ్గినదో, ఎచ్చట తగ్గినదో మనకు తెలిసినట్లు వారికి తెలియదు.

మొదట జోరనగా నేమో చూతము. మిద్దెమీది తొట్టిలో నీటిమట్టము కొళాయికంటె ఎంత ఎత్తున నున్నదో, ఆ ఎత్తే కొళాయివద్ద నీటి ఒత్తిడి. సుమారు 10 మీటర్ల ఎత్తుగల నీరు ఒక బారు ఒత్తిడి నిచ్చును. కొళాయికి 3 మీటర్ల పైన నీటిమట్టమున్నచో ఒత్తిడి బారులో పదింట మూడు పాళ్లు. క్రింది అంతస్తున 6 మీటర్ల దిగువనున్న కొళాయికి దానికి రెట్టింపు. ఇందు తొట్టి పెద్దదా చిన్నదా యను ప్రసక్తి లేదు. 500 లీటర్ల తొట్టికి మారుగా 1000 లీటర్లది పెట్టినచో జోరు హెచ్చునని పలువురు నమ్ముచున్నారు. ఎత్తు మారనిచో జోరు మారదు. కొండమీద గాలి పలుచన గనుక కొళాయిలకును జోరుండదని చెప్పువారును కలరు. గాలి పలుచనయగుట నిజమే. అందువలననే హార్స్లీ కొండమీద నీరు నూరు డిగ్రీలకు కాక సుమారు 96 డిగ్రీలకే మరగును, పప్పు ఉడుకుటకు ఎక్కువసేపు పట్టును. కాని ఆ గాలి తొట్టిలోని నీటిమీదను, కొళాయి మూతిమీదను సమానముగ నొత్తుచుండును. ఆ రెండును ఒకదానికొకటి సరిపోవుటచే కొళాయి జోరునకును కొండ ఎత్తునకును సంబంధము లేదు.

కొళాయి కట్టియున్నంతసేపు గొట్టములో నీరు కదలదు. కదలని నీటికి ఆటంకము తెలియదు. గొట్టము ఎంత ఇరుకైనను ఒత్తిడి ఎత్తును బట్టియే యుండును. కొళాయి త్రిప్పి నీరు పరుగెత్తినపుడే త్రోవలోని ఇరుకు బయటపడును. కొళాయి త్రిప్పిన క్షణమున జోరుగా దూకి వెంటనే సన్నగిల్లు నీరు ఈ సంగతినే చెప్పుచున్నది. ఎత్తు తక్కువయినచో మొదటినుండియు నీరసముగనే యుండును. పనివాడు తొట్టిని ఎత్తు చేయుమన్నపుడు ఈ ఒక్క గుర్తును జ్ఞప్తియందుంచుకొన్నచో చాల ధనము మిగులును.

మదనపల్లెలో మేమెరిగిన ఒక ఇంటి సంగతి ఇచ్చట చెప్పుట యుక్తము. రెండంతస్తుల ఇల్లు. మిద్దెపైన తొట్టి, దాని ప్రక్కన 200 లీటర్ల సోలారు హీటరు. ఆరేండ్లు బాగుగనే నడచినది. ఒక కార్తికమాసమున పై అంతస్తు స్నానపుగదిలో వేడినీరు దారమయ్యెను. క్రింది వంటింటిలో మాత్రము కొంత నయము. చన్నీరు ఇల్లంతయు బాగుగనే వచ్చుచుండెను. ఆ ఇంటి అత్తగారు, "మన కాలములో కాగునీళ్లకు ఈ తంటా యెక్కడిదే అమ్మాయీ! దొడ్డిలో పొయ్యి వేయించెదను" అనిరి. "రెండు దినములు నిదానింపుడు అత్తయ్యా, ఏమి జరుగుచున్నదో చూచెదను" అని కోడలు ఒక బకెట్టు తీసికొని బయలుదేరెను.

పది లీటర్ల బకెట్టు అది. పై అంతస్తున చన్నీటి కొళాయిక్రింద అది నిండుటకు నిమిషమున్నర పట్టినది. అచ్చటనే వేడినీటికి ఆరు నిమిషములు. క్రింది వంటింటిలో వేడినీటికి రెండు నిమిషములు. ఇంతవరకు ఒక పూట పని. ఆమె అంతటితో విడువక తెల్లవారుజామునను, మధ్యాహ్నమునను, రాత్రియును మరల చూచి కాలెండరు వెనుక వ్రాసికొనెను. మధ్యాహ్నము ఎండ బాగుగ కాసిన పిమ్మట పైగదిలో వేడినీరు దాదాపు నిలిచిపోవుచుండెను. ఉదయము క్రింది కొళాయిలో చాలసేపు నీరు పట్టిన తరువాత గుటగుటమను చప్పుడుతో, మధ్య మధ్య ఉమ్మినట్లు గాలి వెడలి, పైకొళాయికి కొంత జోరు వచ్చుచుండెను.

ఈ నాలుగు సంగతులు చాలును. చన్నీరు బాగుగ నున్నది గనుక తొట్టిలో లోపము లేదు, ఎత్తు చేయనక్కరలేదు. క్రింద వేడినీరు వచ్చుచున్నది గనుక హీటరులో నీరు కలదు, దాని త్రోవ పూర్తిగా మూతపడలేదు. పూటపూటకు మారుచున్నది గనుక సున్నపు పెచ్చు కాదు. పెచ్చు పూటకొకసారి పెరిగి తరుగునది కాదుకదా. ఎండతో హెచ్చి, నీరు పట్టినచో తగ్గునది ఒక్కటే, గాలి. నీటిలో కనబడకుండ కొంత గాలి కరగియుండును. నీరు వేడెక్కినపుడు ఆ గాలి విడివడి పైకి పోవును. అది పోవుటకే సోలారు తొట్టి నెత్తిన ఒక నిలువు గొట్టము పెట్టుదురు. ఆ గొట్టము మూసికొనిపోయినచో గాలి వేడినీటితోపాటు ఇంటి గొట్టములోనికి దిగి, ఎచ్చట గొట్టము గూనువలె పైకి లేచి క్రిందికి వంగియుండునో అచ్చట చేరి కూర్చుండును. పై అంతస్తు కొళాయికి మొదలే ఒత్తిడి తక్కువ. ఆ గాలిని త్రోసివేయు బలము దానికి లేదు. క్రింది కొళాయికి రెట్టింపు ఒత్తిడి యున్నందున కొంత త్రోసికొని వచ్చుచుండెను. పైన లేకపోవుటకును, క్రింద నుండుటకును ఇదియే కారణము.

పనివాడు వచ్చి మిద్దె యెక్కి చూడగా, పిట్టగోడమీదుగ వంపు తిరిగిన గొట్టము గూనుగనే యుండెను. నిలువు గొట్టము మూతిలో కుమ్మరి పురుగు మట్టితో గూడు కట్టుకొని యుండెను. వంపువద్ద అతుకును వదులు చేయగనే బుస్సుమని గాలి వెడలి, దాని వెనుక నీరు వచ్చినది. మూతిని శుభ్రము చేసి, పురుగు చొరకుండ సన్నని వలగుడ్డ కట్టి, గొట్టమును గూను లేకుండ వాలుగ సరిచేసిరి. సగము దినపు కూలియు, రెండు అతుకుల వెలయు ఖర్చయినవి. నిలువు గొట్టము మూసికొనుట కొళాయి జోరునకు మాత్రమే కీడు కాదని గుర్తింపవలెను. చన్నీరు లోనికి రాకున్న సమయమున క్రింద వేడినీరు పట్టినచో లోపల గాలి చొరుటకు వేరు త్రోవ లేక తొట్టి రేకు లోనికి నొక్కుకొనిపోవును.

గాలి తరువాత ఈ ప్రాంతమున తరచుగ కనబడు కారణము ఉప్పునీళ్లు. రాతినేలలో లోతుగ వేసిన బోరునీరు సున్నపు పదార్థములను కరగించుకొని వచ్చును. చల్లగ నున్నంతసేపు అవి కనబడవు. కాగినపుడు విడివడి తెల్లని పెచ్చుగ గట్టిపడును. కాచిన గిన్నె అడుగున మనము దినదినము చూచు పెచ్చే గొట్టములోనను, గీజరులోనను పేరుకొనుచుండును. ఒకే నీరు పారుచున్నను చన్నీటి గొట్టము శుభ్రముగ నుండి వేడినీటి గొట్టము మూసికొనుట ఇందువలననే. ఇరుకుయొక్క ఫలితము మన ఊహకంటె చాల ఎక్కువ. గొట్టములోపలి వ్యాసము సగమైనచో నీరు సగమగునని తోచును. వాస్తవముగ ఐదవ వంతుకంటెను తక్కువయగును. అయితే ఈ రోగము ఒక్కదినమున రాదు. నెలనెలకు, ఏటేటికి తగ్గుచు వచ్చును. అందుచేత "ఎప్పటినుండి?" అను ప్రశ్న వైద్యునకువలెనే మనకును మొదటి ప్రశ్న. నిన్నటివరకు బాగుండి నేడు తగ్గినచో ఎవరో వాల్వును సగము త్రిప్పి విడిచిరేమో, తొట్టి కడిగినపుడు కదలిన బురద అడ్డుపడినదేమో చూడవలెను. ఇంటిలో ఒక్క కొళాయికే చన్నీరును వేడినీరును రెండును తగ్గినచో దోషము ఆ కొళాయి మూతిలోని జల్లెడదే. దానిని విప్పి నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానవేసినచో పెచ్చు వదలును. మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును మాత్రము గీజరులోనికిగాని గొట్టములోనికిగాని పోయరాదు. అది పెచ్చుతోపాటు లోహమును కూడ తినివేయును.

మూడవది గోడలో కారిపోవుట. ఇది కంటికి కనబడకుండ సంవత్సరముకూడ సాగవచ్చును. అనుమానము కలిగినచో సుద్దముక్క పని ఇచ్చట కలదు. రాత్రి అందరును పడుకొనబోవునపుడు కొళాయిలన్నియు కట్టి, మిద్దెతొట్టిలోనికి నీరు వచ్చు త్రోవను మూసి, లోపలి నీటిమట్టమువద్ద గుర్తు పెట్టవలెను. తెల్లవారి చూచినచో మట్టము దిగియుండిన నీరు ఎచ్చటనో పోవుచున్నదన్నమాట. రెండవ రాత్రి సోలారునుండి ఇంటిలోనికి దిగు వేడినీటి వాల్వునుకూడ కట్టి మరల గుర్తు పెట్టవలెను. ఈమారు మట్టము దిగనిచో కారుచున్నది వేడినీటి గొట్టమే. అప్పటికిని దిగినచో చన్నీటివైపున వెదకవలెను. గోడ పగులగొట్టకమున్నే సగము ఇల్లు విచారణనుండి తప్పిపోవును. ఈ పరీక్షను పగటిపూట చేయవద్దు. ఎండలో గాజుగొట్టముల సోలారునకు నీరు అందక ఎండిపోయినచో గొట్టములు మిక్కిలి కాలిపోవును. పిదప చన్నీరు తగిలినంతనే పగులును.

ఇంతవరకు చెప్పినది నెత్తిన గాలికి తెరచియున్న ఏర్పాటు. పూర్తిగా మూసియున్న ఏర్పాటు వేరొక తెరగున నడచును. దానిని ఎరిగినవారు మన ఆడపడుచులలోనే ఇపుడు చాలమంది కలరు. ఇంగ్లండునకు కాపురము పోయిన పిల్లలు సంక్రాంతికి ఇంటికి వచ్చినపుడు ఆ సంగతులే చెప్పుచుందురు. అచ్చట గదికొక ఇనుప పలక గోడకు అమర్చియుండును. వంటింటిలోని బాయిలరు నీటిని కాచి గొట్టములద్వారా ఆ పలకలలోనికి పంపును. చల్లారిన నీరు తిరిగి బాయిలరునకే వచ్చును. ఒకే నీరు ఇట్లు చలికాలమంతయు తిరుగుచుండును. బాయిలరు ముఖమున ఒక చిన్న ముల్లు ఒత్తిడిని చూపును. చల్లగ నున్నపుడు అది ఒకటికిని ఒకటిన్నర బారులకును నడుమ నుండవలెను. అది అరబారునకు దిగినచో చాల బాయిలరులు తమంతట తామే ఆగిపోవును. మంచు కురియు వేళ, ఇంట పసిబిడ్డ యుండగా, ఆ ముల్లు దినదినము దిగుచున్నచో ఆ ఇల్లాలి ఆందోళన ఎట్లుండునో ఊహింపవచ్చును.

అచ్చట తప్పు చేయుట సులభము. క్రింద నొక వాల్వు త్రిప్పిన వీధిగొట్టపు నీరు చేరి ముల్లు మరల లేచును, ఇల్లు వెచ్చనగును, సంగతి మరచిపోదురు. వారము దినములకు మరల దిగును. మాటిమాటికి క్రొత్తనీరు పోయుటవలన దానితో వచ్చిన ప్రాణవాయువు లోపలి ఇనుమును తుప్పు పట్టించును, నల్లని బురద పుట్టును. నీరు చేర్చుట రోగమును మరుగుపరచుటయేకాని మాన్పుట కాదు. అచ్చటను మన బకెట్టు పద్ధతియే పనికివచ్చును. ప్రతి ఉదయము బాయిలరు వేడెక్కకమున్ను ముల్లు ఎచ్చటనున్నదో, బాగుగ కాగిన పిమ్మట ఎచ్చటనున్నదో వారము దినములు వ్రాసికొనవలెను.

కాగినపుడు ముల్లు మూడు బారుల దాపునకు ఎగసి, చల్లారినపుడు మొదటికంటె దిగువకు పడుచున్నచో దోషము విస్తరణపు డబ్బాలో నున్నదని అనుమానింపవలెను. నీరు కాగినచో పెరుగును. పది డిగ్రీల చన్నీరు డెబ్బది డిగ్రీలకు కాగునప్పటికి నూరు లీటర్లకు సుమారు రెండు లీటర్లు హెచ్చును. మూసిన గొట్టములో ఆ హెచ్చునీరు ఎచ్చటికి పోవలెను? అందుకై ఒక డబ్బాలో రబ్బరు పొరకు వెనుక గాలి నింపియుంతురు. నీరు పెరిగినపుడు ఆ గాలి నొదిగి చోటిచ్చును. గాలి పోయినను, పొర చినిగినను చోటు లేక ఒత్తిడి ఎగసి, మూడు బారులవద్ద తెరచుకొను రక్షణవాల్వు ఆ నీటిని ఇంటి బయటకు వదలును. చల్లారిన పిదప పోయిన నీటికొలది ముల్లు దిగును. ఇంటిలో ఒక్క చుక్కయు కారదు, ఒత్తిడి మాత్రము తగ్గును! వెలుపలి గోడనుండి బయటకు వచ్చియున్న చిన్న గొట్టము మూతికి పొడి సంచి కట్టి మరునాడు చూచినచో ఈ దొంగ దొరకును.

కాగినను చల్లారినను ఒకే తీరున మెల్లగ దిగుచున్నచో ఎచ్చటనో కారుచున్నది. పలకల వాల్వులక్రింద పొడికాగితము పరచి చూడవలెను. అతుకులవద్ద తెల్లనిగాని ఆకుపచ్చనిగాని మరకలు వెదకవలెను. ఎచ్చటను కనబడనిచో రాత్రి బాయిలరును ఆర్పి, దానిక్రింద పలకలకు పోవు రెండు వాల్వులను కట్టి తెల్లవారి ముల్లు చూచుట యున్నది. ముల్లు నిలిచియున్నచో దోషము ఇంటి గొట్టములలో, దిగినచో బాయిలరులోనే. పలకలలోని గాలిని వదలిన మరునాడు ముల్లు కొంచెము దిగుట రోగము కాదు. ఇంతవరకు ఇల్లాలు చూడవచ్చును. బాయిలరు మూత విప్పుట మాత్రము ఆ దేశమున గ్యాసు పనివారి పట్టికలో పేరున్న వానికే తగును, ఏలయన అందులో మండునది గ్యాసు.

మన స్నానపుగదిలోని గీజరును నిజమునకు ఆ జాతిదే. చిన్నదైనను అది మూసిన పాత్ర. దాని క్రింద లేక ప్రక్కన ఒక చిన్న వాల్వుండును. అది చన్నీటిని లోనికి రానిచ్చి వెనుకకు పోనీయదు. లోపల ఒత్తిడి మితిమీరినపుడు కొంత నీటిని బయటకు వదలును. 25 లీటర్ల గీజరులో నీరు ఇరువది డిగ్రీలనుండి అరువదికి కాగునపుడు సుమారు 380 మిల్లీలీటర్లు పెరుగును. వెనుకకు పోవు త్రోవ లేనందున ఆ నీరు ఆ వాల్వునుండి చుక్కలుగ కారుట సహజము. గీజరు కాగుచున్నంతసేపు చుక్కలు పడి, ఆగిన తరువాత నిలిచిపోయినచో దానిలో దోషమేమియు లేదు. కాగనపుడుకూడ ఎడతెగక కారుచున్నచో వాల్వు పాడైనదని గాని, మిద్దెమీది పంపుయొక్క ఒత్తిడి ఎక్కువైనదని గాని గ్రహింపవలెను.

ఇచ్చటనే ఒక ఘోరమైన పొరపాటు జరుగుచున్నది. నేల తడియగుచున్నదని, నీరు వృథాయని, జోరు దీనివలననే తగ్గుచున్నదని ఆ వాల్వునకు బిరడా కొట్టుదురు, లేదా గుడ్డ చుట్టి తీగతో బిగింతురు. మన కుక్కరు మూతమీది రక్షణబిళ్లకు పిండి మెత్తి బిగించుట ఎవరైన చేయుదురా? ఇదియు అట్టిదే. వేడిని అదుపులో నుంచు మీట చెడి గీజరు ఆగక కాగుచుండినపుడు మనకు మిగులు రక్షణ ఆ వాల్వు. అది మూసియున్నచో లోపలి నీరు నూరు డిగ్రీలు దాటియు ఒత్తిడిచే నీరుగనే యుండును. పాత్ర ఎచ్చటనైన చీలినంతనే అందులో కొంత ఒక్కపెట్టున ఆవిరియగును. నీరు ఆవిరియైనచో సుమారు 1600 రెట్లు చోటు కోరును. స్నానపుగది గోడలు దానిని ఓర్చుకొనజాలవు.

కారు నీరు నేలపై పడుట ఇష్టము లేనివారు ఆ వాల్వు మూతికి సన్నని గొట్టము తగిలించి, కొన తెరచియుంచి, మోరీవైపునకు వాలుగ దింపుకొనవలెను. మీట గల వాల్వయినచో నెలకొకమారు ఉదయము గీజరు చల్లగ నున్నపుడు, కరెంటు మీట తీసివేసి, ఆ మీటను ఒక్క క్షణము ఎత్తి చూడవలెను. నీరు ధారగ వెడలి, మీట వదలినంతనే ఆగవలెను. నీరు రాకున్నను, వచ్చి ఆగకున్నను ఉప్పునీళ్ల పెచ్చు అందులో చేరినదన్నమాట. దానిని మార్పించునంతవరకు ఆ గీజరును వేయరాదు. ఆ నాలుగు దినములు పొయ్యిమీద కాగు పెట్టుకొనవచ్చును.